చింపని సంచిక

1943 సెప్టెంబరు 20 నాటి 'లైఫ్' వారపత్రికలో ఒక పుట నిండా ఒకే ఫోటో ఉంది. న్యూగినీలోని బ్యూనా తీరంలో ముగ్గురు అమెరికన్ సైనికులు ఇసుక మీద చచ్చిపడి ఉన్నారు. వెనక నీటిలో ఒరిగిపోయిన పడవ ఉంది. ఎవరి ముఖమూ కనిపించదు, ఎవరి పేరూ ప్రకటించలేదు. ఫోటో తీసినవాడు జార్జ్ స్ట్రాక్. బ్యూనా పోరు ఆ ఏడాది జనవరిలోనే ముగిసింది. సైనిక సెన్సారు ఆ చిత్రాన్ని నెలల తరబడి ఆపింది. యుద్ధ సమాచార కార్యాలయానికి అధిపతిగా ఉన్న ఎల్మర్ డేవిస్, ప్రజలకు నిజం కొంతైనా చూపాలని వాదించాడు. చివరికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సమ్మతి దొరికింది. ఈ ఫోటో ఎందుకు వేస్తున్నామో వివరిస్తూ పత్రిక ఒక సంపాదకీయమే రాయవలసి వచ్చింది. యుద్ధభూమిలో పడివున్న తమ సైనికుల శవాలను ఆ యుద్ధంలో అమెరికన్ పాఠకులు చూడడం అదే మొదటిసారి.

ఆ ఫోటో ఈనాడు ఎవరికైనా క్షణంలో దొరుకుతుంది. యుద్ధచరిత్ర పుస్తకాల్లో, మ్యూజియం గోడల మీద, కంప్యూటరు తెరల మీద అది వేలసార్లు అచ్చయింది. అటువంటప్పుడు ఎనభై ఏళ్ళ నాటి పత్రిక ప్రతి కోసం పాత పుస్తకాల అంగళ్ళు గాలించేవాడికి కొత్తగా దొరికేదేమిటి? మొదట పిచ్చిగా తోచే ఈ అభిరుచికి సమాధానం ఆ ఫోటోలో లేదు, దానికి ముందూ వెనకా ఉన్న పుటల్లో ఉంది. పుస్తకంలో ఆ చిత్రం ఒంటరిగా, గౌరవంగా, నల్లని చట్రంలో కనిపిస్తుంది. పత్రికలో దాని ఇరుగుపొరుగు వేరు. సిగరెట్లు, సబ్బులు, డబ్బాల్లో నిలవచేసిన ఆహారం, యుద్ధ బాండ్లు కొనమనే విజ్ఞప్తులు, సినిమా తారలు, పాఠకుల ఉత్తరాలు, వీటన్నిటి నడుమ మృత్యువు వారానికొకసారి ఇళ్ళలోకి వచ్చేది. పది సెంట్లిచ్చి పత్రిక కొన్న గృహిణి ఆ శవాల పుట తిప్పి వంటనూనె ప్రకటన చూసి ఉంటుంది. యుద్ధాన్ని ఆమె అనుభవించింది ఆ వరుసలోనే. ఆ వరుసను చరిత్ర పుస్తకాలు భద్రపరచలేదు.

యుద్ధకాలపు పత్రికలను సేకరించడమంటే ఈ వరుసను కాపాడడమే. అయితే ఆ వరుసకు శత్రువులు చాలామంది. వారిలో కొందరు పత్రికలను ప్రేమించినవారే కావడం ఈ కథలోని విచిత్రం.

ప్రకటనల సంగతే ముందుగా చూడాలి. 1942 ఫిబ్రవరిలో అమెరికాలో పౌరుల కోసం కార్ల తయారీ ఆగిపోయింది. కర్మాగారాలు ట్యాంకులకూ విమానాలకూ మళ్ళాయి. అమ్మడానికి కారు లేకపోయినా కార్ల కంపెనీలు ప్రకటనలు మానలేదు. తమ ట్యాంకు ఎంత గట్టిదో చెబుతూ, యుద్ధం ముగిశాక రాబోయే కారును ఊరిస్తూ పుటలకు పుటలు నింపాయి. అదే ఏడాది లక్కీ స్ట్రైక్ సిగరెట్ల పెట్టె ఆకుపచ్చ నుంచి తెలుపుకు మారింది. ఆకుపచ్చ సిరాలోని లోహం యుద్ధానికి కావలసి వచ్చిందని కంపెనీ చాటింది. రంగు మార్చే ఆలోచన కంపెనీకి అంతకు ముందే ఉందనీ, యుద్ధం చక్కని సాకుగా దొరికిందనీ తర్వాతివారు తేల్చారు. త్యాగం, వ్యాపారం ఆ రోజుల్లో ఒకే పుటలో ఎలా కలిసి కాపురం చేశాయో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకదు.

వైద్యచరిత్ర చదివేవారికి ఇటువంటి ప్రకటన మరొకటి విలువైనది. 1944 ఆగస్టు 14 నాటి 'లైఫ్'లో షెన్లీ లాబొరేటరీస్ వారు పెనిసిలిన్ గురించి నిండు పుట ప్రకటన వేశారు. ఆ మందు పుణ్యమా అని గాయపడిన సైనికుడు ఇంటికి తిరిగి వస్తాడని దాని సారాంశం. షెన్లీ అసలు విస్కీ తయారుచేసే సంస్థ. పులియబెట్టే విద్య తెలిసినవాడికి బూజును పెంచే విద్య కొత్త కాదు. అందుకే సారాయి వ్యాపారం నుంచి సూక్ష్మజీవనాశకాలకు ఆ దారి సుగమమైంది. 1942 మార్చిలో అమెరికాలో ఒకే ఒక రోగికి చికిత్స చేయడానికి అప్పటికి దేశంలో ఉన్న పెనిసిలిన్‌లో సగం ఖర్చయిందని చెబుతారు. రెండున్నరేళ్ళు తిరగకుండా అదే మందు పత్రికలో నిండు పుట ప్రకటనకు ఎక్కింది. అప్పటికీ సామాన్య పౌరుడు అంగడికి వెళ్ళి దాన్ని కొనలేడు. ఆంక్షలు తొలగింది 1945 మార్చిలో. కొనలేని మందుకు ప్రకటన ఎందుకు? కొడుకును యుద్ధానికి పంపిన తల్లిదండ్రులకు అది ధైర్యం. కంపెనీకి అది రాబోయే అంగడి. వైద్యగ్రంథాల్లో పెనిసిలిన్ కథ ఫ్లెమింగ్‌తో మొదలై ఫ్లోరీ, చెయిన్‌లతో ముగుస్తుంది. ఆ మందు మీద సామాన్యుడికి ఆశ పుట్టిన తీరు మాత్రం ఈ ప్రకటనల పుటల్లోనే ఉంది.

ఈ పుటలకు మొదటి దెబ్బ గ్రంథాలయాల్లోనే తగిలింది. ఆరునెలల సంచికలను కలిపి తోలు బైండు చేయించేటప్పుడు ముఖచిత్రాలనూ ప్రకటనల పుటలనూ తీసిపారేయడం చాలాచోట్ల ఆనవాయితీ. బైండు సన్నబడుతుంది, ఖర్చు తగ్గుతుంది, 'పనికొచ్చే' వ్యాసాలు మిగులుతాయి. అదే యుద్ధంలో విదేశాల్లోని సైనికుల కోసం 'టైమ్', 'న్యూయార్కర్' వంటి పత్రికలు ప్రకటనలు లేకుండా, చిన్న పరిమాణంలో, తేలిక కాగితం మీద ప్రత్యేక ప్రతులు వేశాయి. ఓడల్లో చోటు తక్కువ కనుక వాటికొక న్యాయం ఉంది. గ్రంథాలయాలకు ఆ ఇబ్బంది లేదు. రెండో దెబ్బ వ్యాపారులది. నిండు సంచికను అమ్మితే వచ్చే డబ్బు కంటె దాన్ని విప్పదీసి, కారు ప్రకటన ఒకరికి, శీతలపానీయం ప్రకటన మరొకరికి, ముఖచిత్రం ఇంకొకరికి చట్రం కట్టి అమ్మితే ఎక్కువ వస్తుంది. మూడో దెబ్బ కొట్టినవాడు పాఠకుడే. అమెరికన్ సైనికులు తమ కోసం తామే రాసుకున్న వారపత్రిక 'యాంక్' 1942 జూన్ నుంచి 1945 డిసెంబరు దాకా వెలువడింది. ప్రతి సంచికలోనూ ఒక అందగత్తె ఫోటో ఉండేది. ఆ పుట గుడారపు గుడ్డ మీదికో, ఓడ గది గోడ మీదికో చేరేది. అందువల్ల 'యాంక్' ప్రతి దొరికినప్పుడు సేకర్త ముందుగా చూసేది ఆ పుట ఉందా లేదా అని. చింపుకున్న సైనికుణ్ణి తప్పుపట్టడానికి ఎవరికీ మనసు రాదు.

నాలుగో దెబ్బ అన్నిటికంటె పెద్దది. ఆ దెబ్బ కొట్టింది యుద్ధమే. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వే మీద పడడంతో బ్రిటనుకు స్కాండినేవియా నుంచి వచ్చే కాగితపు గుజ్జు ఆగిపోయింది. ప్రభుత్వం కాగితానికి రేషను పెట్టింది. పత్రికలు చిక్కిపోయాయి, అక్షరాలు చిన్నవయ్యాయి, అంచులు సన్నబడ్డాయి. ఇంటింటా పాత కాగితాలు పోగుచేసి ఇమ్మని విజ్ఞప్తులు వచ్చాయి. ఆ కాగితమే గుజ్జయి తూటాల పెట్టెలుగా, ఫిరంగిగుండ్ల పొదుగులుగా మారేది. అట్లాంటిక్‌కు అవతల అమెరికాలో కూడా స్కౌట్ పిల్లలు బండ్ల మీద పాత పత్రికలు పోగుచేశారు. యుద్ధం గురించి రాసిన పత్రిక చివరికి యుద్ధసామగ్రిలోనే కలిసిపోయింది. ఈనాడు సేకర్తల చేతిలో ఉన్న ప్రతుల్లో చాలా భాగం, దేశం అడిగినప్పుడు ఎవరో ఇవ్వకుండా అటకమీద దాచుకున్నవే. దేశభక్తుడు ఇచ్చేసిన ప్రతి మిగలలేదు.

ఆ విధంగా మిగిలిన వాటిలో 1941 జనవరి 4 నాటి 'పిక్చర్ పోస్ట్' ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఈ సచిత్ర వారపత్రికను ఎడ్వర్డ్ హల్టన్ 1938 అక్టోబరులో ప్రారంభించాడు. తొలి సంపాదకుడు స్టీఫన్ లోరాంట్ హంగేరీవాడు. 1933లో నాజీల చెరసాలలో నెలల తరబడి గడిపి బయటపడి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ఆశ్రయమిచ్చిన బ్రిటను కూడా తనను పరాయివాడిగానే చూస్తున్నదని గ్రహించి, 1940లో అమెరికా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత టామ్ హాప్కిన్సన్ సంపాదకుడయ్యాడు. కొత్త ఏడాది తొలి సంచికను 'బ్రిటనుకొక ప్రణాళిక' అనే అర్థం వచ్చే శీర్షికతో ఆయన తీర్చాడు. అందరికీ పని, పిల్లల చదువు, ఇళ్ళు, పట్టణాల నిర్మాణం, అందరికీ వైద్యం, ఇవి అందులోని విషయాలు. వైద్యం గురించి రాసినవాడు జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ.

ఆ సంచిక తేదీకి సరిగ్గా ఆరు రోజుల ముందు, 1940 డిసెంబరు 29 రాత్రి, లండను నడిబొడ్డున నిప్పుబాంబులు కురిశాయి. ప్రచురణకర్తలకు నిలయమైన పేటర్‌నాస్టర్ వీధి తగలబడింది. సుమారు 50 లక్షల పుస్తకాలు బూడిదయ్యాయని అంచనా. బ్రిటను గెలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. రష్యా, అమెరికా ఇంకా యుద్ధంలోకి రాలేదు. బెవరిజ్ నివేదిక రావడానికి ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉంది, జాతీయ ఆరోగ్యసేవ మొదలు కావడానికి ఏడున్నరేళ్ళు. పొగ ఆరని నగరంలో మూడు పెన్నీల పత్రిక ఒకటి, యుద్ధం తర్వాత పేదవాడికి వైద్యం ఎలా అందించాలో చర్చిస్తోంది. సంక్షేమరాజ్య చరిత్ర రాసేవారు ఈ సంచికను ఒక వాక్యంలో ప్రస్తావిస్తారు. చేతిలోకి తీసుకున్నవారికి కాగితం పలుచదనం, ప్రకటనల్లోని లేమి, ఆ లేమి మధ్య అంత పెద్ద ఆశ, మూడూ ఒక్కసారే తెలుస్తాయి. ముగింపు తెలిసి రాసిన చరిత్రకు ఆ తొట్రుపాటు ఉండదు.

ఒక్క సంచికను లోతుగా చదవడం ఒక పద్ధతి. ఒకే కాలానికి చెందిన అనేక సంచికలను పక్కపక్కన పెట్టడం ఇంకొక పద్ధతి. 1942 జూలైలో అమెరికాలో సుమారు 500 పత్రికలు తమ ముఖచిత్రంగా జాతీయ పతాకాన్ని వేశాయి. పెర్ల్ హార్బరు తర్వాత వచ్చిన తొలి స్వాతంత్ర్యదినానికి ప్రచురణకర్తలు కలిసి చేసిన ఏర్పాటు అది. యుద్ధ బాండ్ల అమ్మకం కూడా అందులో భాగమే. వార్తాపత్రికలు, సినిమా పత్రికలు, గృహాలంకరణ పత్రికలు, వృత్తిపత్రికలు, చిల్లర కథల పత్రికలు అన్నీ ఒకే జెండా ఎత్తాయి. ఏ గ్రంథాలయమూ వాటన్నిటినీ ఒకచోట చేర్చాలని అనుకోలేదు. గ్రంథాలయం పత్రికను పేరు ప్రకారం పెడుతుంది, నెల ప్రకారం పెట్టదు. పీటర్ గ్విల్లిమ్ క్రైట్లర్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఏళ్ళ తరబడి ఆ ఒక్క నెల సంచికలనే వెతికి పోగుచేశాడు. 2002లో స్మిత్సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకు ఆ సేకరణే ఆధారమైంది. విడివిడిగా చూస్తే అది ఒక్కొక్క జెండా బొమ్మ. కలిపి చూస్తే ఒక దేశంలో అన్ని అభిరుచుల పాఠకులూ ఒకే మాట వినేలా చేసిన తీరు కనిపిస్తుంది. ప్రచారం ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి అంతకు మించిన పాఠ్యపుస్తకం అక్కరలేదు.

ప్రచారం మాట వచ్చినప్పుడు శత్రువుల పత్రికను తప్పించుకోలేము. జర్మన్ సైన్యం 1940 ఏప్రిల్ నుంచి 1945 దాకా నడిపిన 'సిగ్నల్' యుద్ధకాలపు పత్రికల్లోకెల్లా కంటికి ఇంపైనది. దాన్ని అచ్చువేసిన సంస్థ, నాజీలు ఉల్‌స్టైన్ అనే యూదు కుటుంబం నుంచి లాక్కున్న ముద్రణాలయం. పరదేశాల పాఠకుల కోసమే ఉద్దేశించిన ఈ పత్రిక ఇరవైకి పైగా భాషల్లో వెలువడింది. 1943 నాటికి 25 లక్షల ప్రతులు అచ్చయ్యేవి. ఆక్రమణలో ఉన్న ఛానెల్ దీవుల్లో దాని ఇంగ్లీషు ప్రతి అమ్మేవారు. మిత్రదేశాల పత్రికలు చిక్కి నలుపు తెలుపుల్లో నడుస్తున్న రోజుల్లో 'సిగ్నల్' వర్ణచిత్రాలతో మెరిసిపోయింది. అందులో సైనికులు నవ్వుతుంటారు, రైతులు పంట కోస్తుంటారు, ఐరోపా అంతా ఒక కుటుంబంలా కనిపిస్తుంది. నిర్బంధ శిబిరాలు కనిపించవు.

ఈ పత్రిక కోసం పారిస్‌లో ఫోటోలు తీసినవాడు ఆంద్రే జుకా అనే ఫ్రెంచివాడు. జర్మన్ ఆక్రమణలో ఉన్న నగరాన్ని అతడు రంగుల్లో చిత్రించాడు. ఎండలో మెరిసే వీధులు, కొత్త టోపీలు పెట్టుకున్న స్త్రీలు, కాఫీ అంగళ్ళు. 2008లో పారిస్ నగర చారిత్రక గ్రంథాలయం ఆ ఫోటోలను ప్రదర్శించినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఆ ఫోటోలు ఎవరి కోసం, ఏ పత్రిక కోసం తీశారో స్పష్టంగా చెప్పలేదన్నది విమర్శ. గోడ మీద వేలాడిన ఆ బొమ్మలు 'ఆక్రమణ అంత దుర్భరమేమీ కాదు' అన్నట్టు కనిపించాయి. చివరికి సందర్శకులకు వివరణ పత్రం చేతికి ఇవ్వవలసి వచ్చింది. ఒక్క ఫోటో కూడా మార్చినది కాదు. పత్రిక నుంచి విడదీయడం వల్లనే అవి అబద్ధం చెప్పాయి. అవే బొమ్మలు 'సిగ్నల్' పేరు కింద, సైన్యపు ఇతర కథనాల నడుమ ఉన్నప్పుడు తమ యజమాని ఎవరో తామే చెబుతాయి. నాజీ పత్రికను ఇంట్లో దాచడం ఏమిటని సేకర్తను ప్రశ్నించేవారు ఉంటారు, ఉండాలి కూడా. నిండు సంచికను దాచితే అది సాక్ష్యం. అందులోని అందమైన బొమ్మను కోసి గోడకు కట్టుకుంటే అది ఆ ప్రచారానికి కొనసాగింపు.

యుద్ధపత్రికలు ఇండియాలోనూ పుట్టాయి. ఢిల్లీ నుంచి అమెరికన్ సైనికుల 'సి.బి.ఐ. రౌండప్' వచ్చేది. భారతీయ సైనికుల కోసం 1909 నుంచి నడుస్తున్న 'ఫౌజీ అఖ్‌బార్' 1954లో 'సైనిక్ సమాచార్'గా పేరు మార్చుకుని, తెలుగుతో సహా 13 భాషల్లో నేటికీ వెలువడుతోంది. ఆగ్నేయాసియా సేనల దినపత్రిక 'సీయాక్'ను ఫ్రాంక్ ఓవెన్ సంపాదకత్వంలో 1944 జనవరి నుంచి కలకత్తాలో 'స్టేట్స్‌మన్' ముద్రణాలయంలోనే అచ్చువేశారు. అంతకు కొద్ది నెలల ముందు అదే ముద్రణాలయం నుంచి ఆ యుద్ధకాలపు అచ్చుకాగితాల్లో అతి ముఖ్యమైనది ఒకటి బయటికి వచ్చింది.

1943 ఆగస్టు 22, ఆదివారం. 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధుల్లో ఆకలితో చనిపోతున్నవారి, చనిపోయినవారి ఫోటోలు ప్రచురించాడు. బెంగాలులో కరువు అన్న మాట వాడడానికి ఆంక్షలున్నాయి. ఫోటోల గురించి నిబంధనల్లో ఏమీ లేదు. ఆ సందును ఆయన వాడుకున్నాడు. పత్రిక బ్రిటిషువారిదే, సంపాదకుడూ బ్రిటిషువాడే. ఆ ఫోటోలు ఢిల్లీకీ లండనుకూ చేరాక, కరువు లేదని బుకాయించడం కష్టమైంది. ఆ కరువులో 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనాలు. నెల తిరగకుండానే 'లైఫ్'లో బ్యూనా ఫోటో వచ్చింది. ఒకే నెలరోజుల వ్యవధిలో రెండు ఖండాల్లో రెండు పత్రికలు, చూపకూడదన్న శవాలను చూపాయి. ఒకదానికి దేశాధ్యక్షుడి అనుమతి దొరికింది. రెండోదానికి అనుమతి అడిగితే దొరికేది కాదు. పోయిన ప్రాణాల లెక్కలో ఆ రెంటికీ పోలికే లేదు. అయినా ప్రపంచం ఈనాడు గుర్తుపెట్టుకున్నది మొదటిదాన్నే.

ఆ ఏడాది చివర చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు మిడ్నపూర్ జిల్లాలో తిరిగి, కరువు బాధితుల బొమ్మలు గీశాడు. కమ్యూనిస్టు వారపత్రిక 'పీపుల్స్ వార్'లో సునీల్ జానా ఫోటోలతో పాటు ఆయన బొమ్మలూ వచ్చేవి. మిడ్నపూర్ పర్యటన 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకమైంది. ప్రభుత్వం 5,000 ప్రతులను జప్తు చేసి తగలబెట్టింది. కుటుంబం దాచుకున్న ఒకే ఒక్క ప్రతి మిగిలింది. 2011లో దాని నకలు మళ్ళీ అచ్చయ్యేదాకా ఆ పుస్తకం ఉన్నదంటే ఆ ఒక్క ప్రతివల్లనే. లక్షల ప్రతులు అచ్చయిన 'సిగ్నల్' ఈనాడు కోరినంత దొరుకుతుంది. ఆకలిని చూపిన పుస్తకానికి మిగిలింది ఒక్కటి. అంగట్లో దొరికేదాన్ని బట్టి చరిత్రను ఊహించుకునే సేకర్త ఈ లెక్కను మరచిపోకూడదు.

తెలుగువారి యుద్ధకాలం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1942లో బర్మా జపాను వశమైనప్పుడు రంగూను నుంచి కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగి వచ్చినవారిలో తెలుగువారు ఎందరో. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ఆ రోజుల్లో 'ఆంధ్రపత్రిక', 'భారతి', 'గృహలక్ష్మి' నడుస్తున్నాయి. బెజవాడ నుంచి 'ప్రజాశక్తి' కొత్తగా వచ్చింది. కాగితం కరువు వాటినీ వదలలేదు. పైగా ఆ కరువులో పాత పత్రిక కిరాణా కొట్టుకు చేరి పొట్లమయ్యేది. కందిపప్పు కట్టిన పొట్లాల్లో ఎన్ని 'భారతి' సంచికలు కరిగిపోయాయో లెక్కలేదు.

ప్రకటనల విలువ తెలుగు పత్రికల విషయంలో మరింత ఎక్కువ. 'ఆంధ్రపత్రిక', 'భారతి' రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బు మీద నిలబడ్డాయి. 'గృహలక్ష్మి'ని 1928లో స్థాపించిన కె.ఎన్. కేసరి వైద్యుడు, స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే మందు తయారుచేసి పేరు పొందినవాడు. తలనొప్పి మందూ స్త్రీల మందూ కలిసి ఆధునిక తెలుగు సాహిత్యానికి పందిరి వేశాయంటే అతిశయోక్తి కాదు. ఆ మందుల ప్రకటనలు తీసిపారేసి కథలూ కవితలూ మాత్రమే బైండు చేసినవారు, ఆ కథలకు కాగితం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు జవాబును కూడా పారేశారు. తర్వాతి దశాబ్దాల్లో ఇదే పనిని మన ఇళ్ళలో ఎంతో ప్రేమతో చేశాము. వారపత్రికల్లోని సీరియల్ పుటలు వారం వారం చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి నవల చేసుకున్నాము. నవల మిగిలింది. ఆ నవల పక్కన ఆ వారం ఏ వార్త వచ్చిందో, ఏ పాఠకుడు ఏమని కోప్పడ్డాడో, సినిమా టిక్కెట్టు ఎంతో, అవన్నీ పోయాయి.

మిగిలినవాటిని కాలం తినేస్తోంది. యుద్ధకాలపు కాగితం పుట్టుకతోనే రోగి. కలపను నూరి చేసిన చవక గుజ్జులో లిగ్నిన్ ఉండిపోతుంది. గాలీ వెలుతురూ తగిలితే అది పసుపెక్కి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. సిరా పాకకుండా కలిపిన పటిక ఆ ఆమ్లాన్ని పెంచుతుంది. కాగితపు పోగులు లోపలి నుంచి తెగుతాయి, తిప్పినప్పుడు మూల విరిగి చేతిలోకి వస్తుంది. తీరప్రాంతపు ఉక్కకు పిన్నులు తుప్పుపట్టి చుట్టూ మచ్చ వేస్తాయి. నున్నని పూత ఉన్న అమెరికన్ కాగితం కొంత మేలే కాని, అది తడిస్తే పుటలన్నీ ఒక ముద్దగా అతుక్కుంటాయి. ఈ రోగానికి పూర్తి చికిత్స లేదు, పథ్యమే ఉంది. చీకటి, చల్లదనం, పొడిగాలి, ఆమ్లం లేని అట్టలు, రసాయనాలు విడవని పాలియెస్టరు సంచులు. తుప్పుపట్టిన పిన్ను తీసి దారం కుట్టవచ్చు. చిరుగుకు పారదర్శకమైన టేపు అంటించడం మాత్రం పుండు మీద కారం చల్లడమే. ఆ జిగురు కొన్నేళ్ళకు గోధుమరంగు మచ్చగా మారి అక్షరాలను మింగుతుంది.

స్కానింగ్ వచ్చింది కదా, కాగితంతో పనేమిటని అడిగేవారు అమెరికన్ రచయిత నికల్సన్ బేకర్ 2001లో రాసిన 'డబుల్ ఫోల్డ్' చదవాలి. మైక్రోఫిల్ము తీశామన్న ధైర్యంతో పెద్ద పెద్ద గ్రంథాలయాలు అసలు పత్రికలను ఎలా వదిలించుకున్నాయో ఆయన కోపంగా చెప్పాడు. ఊరకే కోప్పడలేదు. బ్రిటిష్ లైబ్రరీ అమ్మకానికి పెట్టిన పాత అమెరికన్ పత్రికల సంపుటాలను కొని కాపాడాడు. ఆ సేకరణ 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరింది. మైక్రోఫిల్ములో రంగు లేదు, మసకబారిన పుటలు చదవరావు, తప్పిపోయిన పుటను మళ్ళీ తీయడానికి అసలు ప్రతి లేదు. తెలుగులో ప్రెస్ అకాడమీ పాత పత్రికలను కంప్యూటర్లలోకి ఎక్కించి చేసిన మేలు అంతా ఇంతా కాదు. దూరదేశాల్లో ఉన్న తెలుగువారు 'భారతి' చదవగలుగుతున్నది ఆ కృషి వల్లనే. ఆ ప్రతిబింబాలకు కూడా మూలం ఎవరో ఒకరు చింపకుండా దాచిన కాగితమే. 1918లో ఏర్పడిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు దశాబ్దాల పత్రికలను దాచకపోతే స్కానరు కింద పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

యుద్ధకాలపు సంచికలు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. తాతగారి పెట్టెలో, అటకమీద, దస్తావేజుల కింద పరిచిన అట్టగా, పెళ్ళి పట్టుచీరల మడతల్లో. ఇల్లు అమ్మేటప్పుడో, పెద్దవారు పోయినప్పుడో అవి బయటపడతాయి. వాటిని పాత పేపర్ల వాడి తక్కెడలో వేసే ముందు సంవత్సరం చూడడానికి ఒక్క నిమిషం చాలు. 1939 నుంచి 1945 వరకు అచ్చయిన తెలుగు సంచిక ఏదైనా, పేరున్న రచయిత అందులో లేకపోయినా, చివరి పుటలోని తలనూనె ప్రకటనతో సహా దాచదగినదే. దాచే ఓపిక లేనివారు అలాగే, విప్పకుండా, కత్తిరించకుండా, ఒక గ్రంథాలయానికి ఇచ్చివేయవచ్చు. ఏ పుట ముఖ్యమో నిర్ణయించే పని తర్వాత వచ్చే పాఠకుడిది.